జగ్గమ్మ దవడ తగువు

మా అత్త జగ్గమ్మ నోటి గురించి భావనపాడులో ఎవరినడిగినా చెబుతారు. కానీ అందరూ ఎక్కువ చేసి చెబుతారు. ఆవిడ ఒడ్డున అరిస్తే సముద్రంలో ఉన్న పడవవాళ్ళు ధర వినేసి, గిట్టదనుకుంటే ఇంకో వల వేసుకుని మరీ వచ్చేవారట. ఇలాంటి కోతలు నాకు పడవు. నేను విజయనగరంలో లెక్కల పంతుల్ని, ఏ సంగతైనా సరిగ్గా చెప్పాలి. నిజం ఏమిటంటే, మా అత్త పాట పెడితే పక్క ఒడ్డున పాట ఆగిపోయేది, అంతే. అక్కడివాళ్ళు పొరపాటున తమ చేపలకి మా అత్త అరిచిన ధర కట్టేసిన రోజు నేను అక్కడే ఉన్నాను.

పాటంటే చేపల వేలంపాట. పడవ ఒడ్డుకి చేరగానే చేపల్ని ఇసుకలో కుప్ప పోస్తారు. కొనే ఆడవాళ్ళు గంపలతో చుట్టూ మూగుతారు. మధ్యలో ఒకరు నిలబడి ధర పిలుస్తూ, పెంచుతూ, వెనక్కి తగ్గేవాళ్ళని రెచ్చగొడుతూ, ఆ కుప్ప ఎవరో ఒకరి గంపలో పడేదాకా అరుస్తూనే ఉండాలి. మొదట ఆ పని మా అత్త తండ్రిది. ఒకరోజు జ్వరంతో ఆయన గొంతు పెగలకపోతే, వెనక నిలబడ్డ పిల్ల జగ్గమ్మ "కానాగడతలు! నా పెళ్ళికైనా ఇలాటి సేప దొరకదు, ఎవులు కొంతారు?" అని ఒక్క కేక పెట్టిందట. తర్వాత తండ్రికి గొంతైతే తిరిగి వచ్చింది కానీ పని రాలేదు.

ఇంత నోరున్న మనిషిని చేసుకున్న మా మామ అప్పలసూరికి మాటంటే మహా పొదుపు. ఆయన నమ్ముకున్న మాట ఒక్కటే, "తెల్దు." కుర్రతనంలో ఆయన పడవ ఒరిస్సా నీళ్ళలోకి పోయిందని అక్కడి పోలీసులు పట్టుకున్నారట. పడవ ఎవరిది, వల ఎవరిది, ఎటు నుంచి వచ్చావు అని ఎంత అడిగినా ఈయన "తెల్దు" తప్ప ఇంకో మాట అనలేదు. వాళ్ళే విసిగిపోయి వదిలేశారు. అప్పట్నుంచీ ఎవరేమడిగినా అదే జవాబు. నేను పెళ్ళిచూపులకి వెళ్ళి "అమ్మాయి ఏం చదివింది?" అంటే కూడా "తెల్దు" అన్నాడు. మా ధనలక్ష్మి పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైందని నాకు పెళ్ళయ్యాకే తెలిసింది.

మామకి అక్క తాతమ్మ. అంటే మా అత్తకి వదిన. ఇద్దరివీ పక్కపక్క ఇళ్ళు, మధ్యలో ఒక్కటే గోడ. పెళ్ళయిన నాటి నుంచీ ఆ గోడకి అటొకరూ ఇటొకరూ నిలబడి దెబ్బలాడుకుంటూనే ఉన్నారు. వాళ్ళలో ఎవరైనా పొరుగూరు వెళితే రెండో ఆవిడకి అన్నం సయించదు.

ఇక దవడ సంగతి. మా వైపు ఆడవాళ్ళలో అడ్డపొగ అలవాటుంది. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని కాలుస్తారు. సముద్రపు గాలికి ఆరిపోదు, చేతులు పనికి ఖాళీగా ఉంటాయి. మా అత్త కూడా కాల్చేది. పైలిన్ తుపాను నాడు మామ పడవ తిరిగి రాకపోతే, వస్తే చుట్ట మానేస్తానని గంగమ్మ తల్లికి మొక్కుకుంది. పడవ వచ్చింది. ఆవిడ చుట్ట మానేసింది. ఇన్నాళ్ళూ ఎక్కడున్నావు మావా అని నేనడిగితే ఆయనేం చెప్పి ఉంటాడో మీకు వేరే చెప్పక్కర్లేదు.

చుట్ట మానేసిన కొన్నాళ్ళకి అత్త ఎడమ బుగ్గ ఉబ్బింది. చూసిన ప్రతివాళ్ళకీ ఒకటే అనుమానం. జగ్గమ్మ బుగ్గలో చుట్ట దాచుకుని గంగమ్మని మోసం చేస్తోందని! ఒడ్డున కొనేవాళ్ళు ధర పలికే ముందు "ఏదీ, నోరు తెరు" అనేవాళ్ళు. ఆవిడ తెరిచి అందరికీ చూపించి, మళ్ళీ మూసి, అప్పుడు పాట మొదలెట్టేది. రోజూ ఇదే భాగోతం. ఉబ్బు నిమ్మకాయంత అయ్యేసరికి తాతమ్మ ఇక ఆగలేకపోయింది.

"నీ బుగ్గలో ఏటున్నాదో నాను తేలుస్తానుండు" అని నలుగురిలో నోట్లో వేలు పెట్టేసింది. అత్త కొరికింది. నోట్లో వేలు పెడితే ఎవరైనా కొరుకుతారు, అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. తాతమ్మ కెవ్వుమని చెయ్యి లాక్కుంది. వేలితోపాటు పన్ను ఊడి వచ్చింది. అత్త పన్నే, లోపలి దవడ పన్ను. నొప్పి కూడా లేకుండా అలా వచ్చేసింది. అప్పటిదాకా ఇకిలిస్తున్నవాళ్ళంతా నోళ్ళు మూసుకున్నారు.

"ఓలమ్మ! నాను లాగనేదే జగ్గీ! అదే వచ్చీసినాది!" అని తాతమ్మ ఆ పన్ను పట్టుకుని ఇసుకలో కూలబడి ఏడ్చింది.

ఏప్రిల్లో వేట నిషేధం మొదలై పడవలు ఒడ్డెక్కాయి. పాట లేదు కాబట్టి అత్త మా ఊరు రావడానికి ఒప్పుకుంది. నౌపడలో రైలెక్కి అత్తా, మామా, తాతమ్మా ముగ్గురూ విజయనగరంలో దిగారు. తాతమ్మ దేనికంటే, పన్ను తన దగ్గరుంది కాబట్టి తను కూడా రావాలట. కాటుక డబ్బీలో పెట్టి తెచ్చిన ఆ పన్నుని పళ్ళ ఆసుపత్రిలో డాక్టర్ యుగంధర్ గారి చేతికిచ్చి "బావూ, దీన్ని మళ్ళీ నాటీగలరా?" అని అడిగింది. యుగంధర్ గారు ఆపరేషన్లు చేసే డాక్టరు. ఆయన పన్నుని పక్కన పెట్టి ఎక్స్‌రే తీయించారు. ఎడమ వైపు కింది దవడలో ఎముక ఉండాల్సిన చోట నల్లగా ఖాళీ కనిపించింది.

గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. ఆ ముక్కల్ని మైక్రోస్కోపులో చూసి రోగం పేరు చెప్పే డాక్టరు అనూరాధ గారు. ఆవిడ కేన్సర్ కాదని చెప్పారు. కానీ ముక్కలో ఉన్న పెద్ద పెద్ద కణాల్ని బట్టి, ఇలాంటి గడ్డ రెండు రకాలుగా రావచ్చన్నారు. ఒకటి దవడలోనే పుట్టిన గడ్డ, అదైతే కోసి తీసెయ్యాలి. రెండోది చాలా అరుదు, అసలు రోగం ఒంట్లో ఇంకెక్కడో ఉండి దవడ ఎముకని తినేస్తుంది. మైక్రోస్కోపులో రెండూ ఒకేలా కనిపిస్తాయట. తేడా పట్టుకోవాలంటే ముందు రోగిని నాలుగు ప్రశ్నలు అడగాలి.

ఆవిడ అడిగారు. నేనప్పుడు పదో తరగతి పేపర్లు దిద్దే డ్యూటీలో ఉండిపోయాను. ధనలక్ష్మి పక్కనే ఉంది కానీ దాన్ని నోరెత్తనిస్తేనా! ఇంట్లోంచి బయల్దేరే ముందే మామ పెరట్లో సభ పెట్టాడట.

"డాట్రైనా పోలీసోడైనా అడిగేది కేసు రాయడానికే. సుట్ట సంగతి ఒప్పుకున్నామా, కేన్సరని రాసీసి దవడ కోసెత్తారు. ఏటడిగినా నేదు, తెల్దు. అంతే!" అన్నాడు. ఆయన జన్మలో అంత పొడుగు మాట్లాడ్డం అదే మొదలు కాబట్టి అందరూ దానికి కట్టుబడ్డారు.

"చుట్ట కాలుస్తారా?" అని అనూరాధ గారి మొదటి ప్రశ్న.

"నేదు" అన్నారు ముగ్గురూ.

"మూత్రంలో రాళ్ళు ఎప్పుడైనా పడ్డాయా?"

"నేదు."

"ఒళ్ళు నొప్పులు? ఎముకలేమైనా విరిగాయా?"

"తెల్దు."

"దాహం ఎక్కువగా ఉంటుందా? మలబద్ధకం ఉందా?"

"నేదు, నేదు."

"పోనీ, మతిమరుపు?"

"గుర్తు నేదు" అంది మా అత్త.

"మీ ఇంటిపేరేమిటి?" అని చివరికి ఆవిడ మామ వైపు తిరిగారు. మామ "తెల్దు" అన్నాడు.

ఆవిడ రాస్తున్న కాగితం పక్కన పెట్టి, "ఇంత ఆరోగ్యంగా ఉన్న కుటుంబాన్ని నేనెక్కడా చూడలేదు" అన్నారట. మా వాళ్ళు పొంగిపోయి ఇంటికొచ్చి నాకు ఇదొక గొప్పగా చెప్పారు. అత్తకి ఒంట్లో ఏమేం బాధలున్నాయో నాకూ తెలియదు. అలాంటివి అల్లుడి చెవిన పడనివ్వడం మాలో పెద్ద నామోషీ. అల్లుడు గడపలో అడుగుపెడితే అత్త ఒంట్లో ఉన్న రోగాలన్నీ అలా తలుపు చాటుకి పోవాల్సిందే.

అనూరాధ గారు ఇంకో రక్తపరీక్ష చేయిస్తే మంచిదన్నారు. దాన్ని వేరే ఊరు పంపాలి, ఒక్క లక్షణమైనా లేకుండా దేనికని అది ఆగిపోయింది. గడ్డ దవడలో పుట్టిందేనని తేల్చి, కింది దవడ ఎడమ సగం తీసెయ్యాలన్నారు యుగంధర్ గారు.

అత్త ఒక్కటే అడిగింది. "బావూ, జూన్లో పడవలు దిగుతాయి. నాను పాట పెట్టగలనా?"

ఆయన మంచి మనిషి, బుజ్జగింపు మాటలు చెప్పలేదు. "మాట ఇదివరకటిలా రాదమ్మా. దగ్గర కూర్చున్నవాళ్ళకి అర్థమయ్యేలా వస్తుంది" అన్నారు.

ఆ రోజు నుంచి అత్త నోరు మూతపడింది. మా ఇంట్లో ఫ్యాను చప్పుడు చేస్తుందని నాకు అప్పుడే తెలిసింది. ఆవిడ వచ్చినప్పుడల్లా టీవీ వినపడక పళ్ళు నూరుకున్నవాణ్ణి, కానీ ఆ నిశ్శబ్దం నేను భరించలేకపోయాను. దగ్గరికి వెళ్ళి "ఏదో ఒకటి తిట్టు అత్తా" అన్నాను.

"ఏటని తిడతాను బావూ? పక్కనున్నోడికే ఇనబడితే అదొక తిట్టేటి?" అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. 

ఆపరేషన్ ఎల్లుండనగా ఆసుపత్రిలో చేర్చాం. ఆడవాళ్ళ వార్డు మేడ మీద, మంచినీళ్ళ కుళాయి కింద. తోడుగా ఉన్నది తాతమ్మ. మర్నాడు పొద్దున్నే నేను ఇడ్లీ క్యారియర్ పట్టుకుని మామతో కలిసి వెళ్ళేసరికి తాతమ్మ మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కుతోంది. పెద్ద సీసాడు నీళ్ళు తెచ్చి స్టూలు మీద పెట్టి, ఊపిరి తీసుకుని, తను ఒక గుక్క తాగుదామని చూసేసరికి సీసా ఖాళీ. మళ్ళీ దిగింది. మళ్ళీ తెచ్చింది. అత్త మళ్ళీ గటగటా తాగేసింది. తాతమ్మ ఆ ఖాళీ సీసా నేలకేసి కొట్టింది.

"ఒలే జగ్గీ! నాను మనిసినా, మోటారునా?"

"దాహం ఏస్తే తాగరేటి?" అంది అత్త. చాలా రోజులకి ఆవిడ గొంతు లేచింది.

"దాహమా! ఏడాది బట్టి సూస్తన్నాను, నుయ్యి ఎండబెట్టీసినావు. నీళ్ళు తాగడం, పెరట్లోకి పరిగెట్టడం! పోనీ ఎల్లిన పనైనా అవుతాదా? పొద్దుగూకేదాకా ముక్కుకుంటూ కూకుంటాది, ఎల్లినట్టే తిరిగొస్తాది!"

నేను క్యారియర్‌తో సహా గోడవైపు తిరిగిపోయాను.

"అల్లుడి ముందర ఆ మాటలేటే, సిగ్గునేదా!" అంది అత్త.

"అల్లుడు కాదు, కలెక్టరొచ్చినా సెప్తాను! రాయి అడ్డం పడి నేల మీద దొర్లుతుంటే కొండపిండాకు నూరి తాగించింది ఎవులే? నాను కాదేటి?"

"ఒక్క రాయికే తాగించినావు! రెండో రాయి నా అంతట నానే పడగొట్టుకున్నాను!"

వార్డులో పడుకున్నవాళ్ళందరూ లేచి కూర్చున్నారు. ఇంకెవరి కోసమో అటు వచ్చిన అనూరాధ గారు గుమ్మంలోనే నిలబడిపోయారు. తాతమ్మ ఆవిడని చూసి, తగువు తీర్చడానికి పెద్దమనిషి వచ్చిందనుకుంది. మా ఊళ్ళో తగువు పెద్దమనిషి ముందుకి వస్తే మొదట్నుంచీ మళ్ళీ చెప్పుకోవాలి. ఏదీ దాచకూడదు, దాస్తే ఓడిపోయినట్టే.

"సూడమ్మా, నువ్వే తీర్పు సెప్పు" అని తాతమ్మ కొంగు నడుముకి బిగించింది.

అనూరాధ గారు స్టూలు లాక్కుని కూర్చున్నారు. "చెప్పండి. రాళ్ళ దగ్గర్నుంచి చెప్పండి."

మామకి ప్రమాదం అర్థమైపోయింది. "తెల్దు! మాకేటీ తెల్దు!" అని మధ్యలో దూరాడు.

"నువ్వుండవో!" అని అక్కా భార్యా ఒకేసారి కసిరారు. ఆయన నా పక్కకి వచ్చి గోడవైపు తిరిగాడు.

"ముందు రాయి పోయినేడు దసరాలకి పడ్డాది" అంది తాతమ్మ. "గంప ఎత్తమంటే ఎముకలు సలుపంటాది. గడప తగిలి బోర్లా పడ్డాది, సెయ్యి పుటుక్కుమని ఇరిగిపోనాది. అంత మాత్రానికే సెయ్యి ఇరుగుతాదేటమ్మా ఎక్కడైనా?"

"గడప కాదమ్మా, పీట! అబద్ధాలాడతంది!" అంది అత్త.

"మతిమరుపు?" అన్నారు అనూరాధ గారు.

"ఒకదానికి పాడిన కవళ్ళ సేపలు ఇంకోదాని గంపలో పోసీసినాది!"

"అది మర్సిపోయి కాదు, నీ మొకం సూడలేక పోసినాను!"

"కడుపులో నొప్పి?" "ఉన్నాది!" "నీరసం?" "ఉన్నాది!" ఇప్పుడు ఇద్దరూ పోటీ పడి అరుస్తున్నారు. వెనక్కి తగ్గితే కేసు ఓడిపోతామన్నంత పట్టుదల.

"చుట్ట కాలుస్తుందా?" అని అడిగారు చివరికి.

తాతమ్మే ముందు అందుకుంది. "మానీసినాదమ్మా. ఉన్నమాట సెప్పుకోవాలి. నాను ఏలెట్టి మరీ సూసినాను" అని పంటిగాటున్న వేలు చూపించింది.

అనూరాధ గారి ముఖం వెలిగిపోయింది. లేచి అత్త మెడ తడిమి చూసి, తాతమ్మ వైపు తిరిగి "మీరే గెలిచారు" అన్నారు. "రేపు ఆపరేషన్ లేదు."

ఆగిపోయిన రక్తపరీక్షని ఆ పూటే పంపించారు. రక్తంలో కాల్షియం ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువుంది. మన మెడలో థైరాయిడ్ వెనక శనగగింజకన్నా చిన్న గ్రంథులు ఉంటాయట, పారాథైరాయిడ్ అంటారు. వాటిలో ఒకటి పెరిగిపోయి అత్త ఎముకల్లో సున్నాన్నంతా లాగి రక్తంలో పోస్తోంది. రాళ్ళూ, దాహం, విరిగిన చెయ్యి, దవడలో గడ్డ, అన్నీ దాని పుణ్యమే. విశాఖలో స్కాన్ తీస్తే ఆ గ్రంథి దొరికింది. దాన్ని తీసేస్తే దవడ కొన్ని నెలల్లో తనంతట తనే పూడుకుంటుందనీ, కోయనక్కర్లేదనీ చెప్పారు. ఆ మాట విని యుగంధర్ గారు మాకంటే ఎక్కువ సంతోషించారు.

నేను మాత్రం మామ మీద ఒంటికాలి మీద లేచాను. "నీ తెల్దు వల్ల ఆవిడ దవడ పోయేది! ప్రశ్నలు దేనికడుగుతున్నారో ఆ మాత్రం తెలీదా?" అని అరిచాను.  "తెల్దు బావూ. నిజంగా తెల్దు" అన్నాడాయన. ఆ ఒక్కసారి ఆయన అబద్ధమాడలేదు. నా కోపం అక్కడికక్కడే దిగిపోయింది.

దవడ గట్టెక్కిందని ఊపిరి పీల్చుకునే లోపల విశాఖ డాక్టరు ఇంకో మాట చెప్పారు. ఆ గ్రంథిని ఆనుకునే గొంతుని పలికించే నరం ఉంటుందట. ఎంత జాగ్రత్తగా చేసినా ఎప్పుడో ఒకరికి గొంతు పోవచ్చట. ఇదెక్కడి గోలరా భగవంతుడా అనుకున్నాను. దవడ ఉండి గొంతు లేకపోతే అత్త పాటెలా పెడుతుంది? తాతమ్మ బెంచీ మీద కూర్చుండిపోయింది. అత్త మాత్రం "కానీయండి" అని వేలిముద్ర వేసింది.

మధ్యాహ్నానికి ఆపరేషన్ అయిపోయి వార్డులోకి తెచ్చారు. మెడకి కట్టు, కళ్ళు మూసుకుని ఉంది. డాక్టరు వచ్చి "అమ్మా, పేరు చెప్పండి" అన్నారు. జవాబు లేదు. "జగ్గమ్మా, ఏదైనా ఒక్క మాట" అన్నారు. పెదవి కదల్లేదు. మత్తు పూర్తిగా దిగాక మళ్ళీ చూద్దామని ఆయన పక్క మంచానికి వెళ్ళిపోయారు. మా పైప్రాణాలు పైనే పోయాయి. ధనలక్ష్మి నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. మామ మంచం కోడు పట్టుకుని కింద కూలబడ్డాడు.

తాతమ్మ వెళ్ళి అత్త కాళ్ళ మీద పడింది.

"ఓలి జగ్గీ! నీ గొంతు పోనాదంటే నాను ఎవుల్తో తగువాడతానే? నీ నోరు నేకపోతే మన ఒడ్డుకి ఇలువేటున్నాది? నిన్ను అన్న మాటలన్నీ ఉత్తుత్తివే. బుగ్గలో సుట్ట దాసినావని ఊరంతా సాటించింది కూడా నానేనే! నీ అంత మనిసి మా ఇంట్లో నేదే. మా తమ్ముడు నీకు సరిపోడు, ఆ సంగతి మీ పెళ్ళినాడే అనుకున్నాను."

మామ తలెత్తి అక్కని చూసి మళ్ళీ దించుకున్నాడు.

"కవళ్ళ పులుసు నాను బాగా పెడతానని ఊళ్ళో సెప్పుకుంటాను గాని, నీ పులుసు..." అని ఇక మాట రాక తాతమ్మ ముక్కు చీదుకుంది. 

అత్త కళ్ళు తెరవలేదు. గొంతు కొంచెం బొంగురుపోయింది కానీ, వార్డు చివరి మంచం మీదున్న ముసలమ్మ కూడా తలతిప్పి చూసింది.

"పులుసు కాడ ఆగిపోనావేటి వదినా? ఇంకా సెప్పు."

నేను వరండాలోకి పోయి గోడకి ఆనుకుని చిన్నపిల్లాడిలా భోరుమని ఏడ్చాను. లోపల తాతమ్మ, ఇందాకట్నుంచీ మెలకువగా ఉండి నా మాటలన్నీ ఇంటన్నావేటే అని అప్పటికే లంకించుకుంది.